చార వచ్చినవాడి పళ్లెం

ఎన్.సి.సి.లో చేతికి చార వచ్చినవాడు అన్నం వరుసలో వెనక్కి వెళ్లేవాడు. ఎవరూ పాఠంగా చెప్పేవారు కాదు, క్యాంపులో పళ్లెం పట్టుకుని నిలబడ్డ మొదటి పూటే తెలిసిపోయేది. ముందు మామూలు కేడెట్లు. వాళ్ల వెనక ఒక చార లాన్స్ కార్పొరల్, ఆ వెనక రెండు చారల కార్పొరల్, మూడు చారల సార్జెంటు, అందరికంటే చివర సీనియర్ అండర్ ఆఫీసర్. పప్పు అడుగంటితే ఆ లోటు చార ఉన్నవాడి పళ్లెంలోనే కనపడేది. పెళ్లి పంక్తిలోనైనా, ఊరి పంచాయితీ అరుగు మీదనైనా పెద్దవాళ్లకి ముందు చోటు ఇవ్వడమే చూసి పెరిగినవాళ్లం మేము. పెద్దరికం వచ్చాక ఆఖర్న తినాలని మాకు చూపించిన చోటు అదొక్కటే. డెబ్బైలలో పల్నాడులో ఖాకీ తొడుక్కున్న మా ఈడు వాళ్లని కదిపితే కవాతు సంగతులు ఎన్నో చెబుతారు. నాకు మాత్రం ఆ వరుసే ముందు గుర్తొస్తుంది.

నేను 1971లో నరసరావుపేటలో ఎనిమిదో తరగతి చదువుతూ జూనియర్ డివిజన్‌లో చేరాను. ఆ డిసెంబరులోనే బంగ్లాదేశ్ యుద్ధం. రేడియో ఉన్న ప్రతి కొట్టు ముందూ జనం మూగి వార్తలు వినేవారు. ఖాకీ చొక్కా వేసుకున్న పిల్లాడు కనపడితే ఆపి, "ఏరా అబ్బాయ్, మనవాళ్లు ఎందాకా వచ్చార్రా?" అని మమ్మల్ని అడిగేవారు, మాకేదో ముందే కబురు అందుతున్నట్టు. మా అన్నయ్య కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. తప్పనిసరి. 1962లో చైనా యుద్ధం అయ్యాక 1963లో కాలేజీ కుర్రాళ్లందరినీ అందులో చేర్చారు. 1968లో మళ్లీ ఇష్టమైనవాళ్లే రావచ్చన్నారు. అన్నయ్య వాళ్లప్పుడు మైదానం నిండిపోయేదట, అందరికీ బూట్లు కూడా చాలేవి కావట. మా రోజులకి వరుసలు పలచబడ్డాయి గానీ, వాటిలో నిలబడ్డవాడు కోరి వచ్చినవాడు. హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సలహా మీద 1948లో చట్టం చేసి దీన్ని మొదలుపెట్టినవాళ్లు కోరుకున్నదీ ఇలాంటి పిల్లల్నేనని నా నమ్మకం.

బడిలో మాకు ఆఫీసరు లెక్కల మాస్టారే. నాగపూర్ దగ్గర కాంప్టీలో ఉన్న శిక్షణ స్కూలుకి వెళ్లి, తిరిగి వచ్చేసరికి భుజం మీద 'థర్డ్ ఆఫీసర్' హోదాతో వచ్చారు. పంచె కట్టుకుని బీజగణితం చెప్పే మనిషి ఆదివారం పొద్దున ఖాకీలో, చేతికర్రతో నడిచి వస్తుంటే మేం నిటారుగా అయిపోయేవాళ్లం. క్లాసులో ఆయన్ని చూసి ఎన్నడూ అంత భయభక్తులు పడలేదు.

ఏడాది మొదట్లో స్టోరు తెరిచే రోజు వచ్చేది. ట్రంకు పెట్టెల్లోంచి కలరా ఉండల వాసనతో చొక్కాలు, నిక్కర్లు బయటికి తీసి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇచ్చేవారు. ఏదీ మన ఒంటి కొలతకి ఉండేది కాదు. ఏడాది చివర తిరిగి అప్పగించాల్సిన బట్ట కాబట్టి కత్తెర పెట్టడానికి లేదు. దర్జీ లోపలికి మడిచి, విప్పడానికి వీలుగా పొడుగు కుట్లు వేసి ఇచ్చేవాడు. బూట్ల అడుగున వరసగా మేకులు, మడమకి లాడం. సిమెంటు గచ్చు మీద ఆ బూట్లతో ఒక్కడు నడిచినా వీధి చివర దాకా వినపడేది.

శనివారం సాయంత్రం మొత్తం బెల్టుకి, బూట్లకి, గంజికి పోయేది. అమ్మ ఆ పూట అన్నం వార్చిన గంజి పారబోయకుండా నా కోసం తీసిపెట్టేది. బెల్టు నేత పట్టీ, దానికి ముందు ఇత్తడి బకిల్, వెనక ఇంకో రెండు చిన్నవి. వాటిని తళతళలాడించాలి, కానీ పట్టీకి మరక అంటకూడదు. అందుకని పాత అట్టముక్కకి సన్నగా చీలిక కోసి, బకిల్ ఒక్కటే పైకి వచ్చేలా అందులో దూర్చేవాళ్లం. బ్రాసో డబ్బా ఉన్న ఇళ్లు తక్కువ. చింతపండు పులుసుతో ఒకసారి తోమి, జల్లెడ పట్టిన ఇటుక పొడితో రెండోసారి రుద్ది, పొడిగుడ్డతో మూడోసారి తుడిస్తే మొహం కనపడేది. మొదటి ఏడాది కుర్రాడికి ఈ అట్టముక్క చిట్కా చెప్పడం రెండో ఏడాదివాడి పని. చెప్పకపోతే, ఆదివారం తనిఖీలో కుర్రాడి బెల్టు మీద మరక కనపడితే, ఉస్తాద్ ఆ కుర్రాణ్ణి ఏమీ అనేవాడు కాదు. వాడి పక్కనున్న సీనియర్ దగ్గర ఆగేవాడు.

ఉస్తాద్ అంటే బెటాలియన్ నుంచి వచ్చే హవల్దారు, అసలైన సైన్యంలో పనిచేస్తున్న మనిషి. మాకు ఎక్కువ కాలం శిక్షణ ఇచ్చినాయనది గఢ్వాల్. ఆయనకి తెలుగు రాదు, మాకు హిందీ రాదు. సావధాన్, విశ్రామ్, దాయినే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. ఈ మాటలతోనే మా హిందీ మొదలైంది. మైదానంలో ఆయన మొదట చేసే పని మమ్మల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టడం. పొడుగువాళ్లు కుడి వైపు, పొట్టివాళ్లు ఎడమ వైపు, ఆ తర్వాత అంకెలు లెక్కపెట్టించి మూడు వరుసలు చేసేవాడు. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో తేల్చేది అంగుళాలు మాత్రమే. ఊళ్లో ఏ వీధివాడు ఏ అరుగు దాకా రావచ్చో అందరికీ తెలిసిన కాలం అది. వాడ నుంచి వచ్చిన కుర్రాడూ, మోతుబరి కొడుకూ ఒకే ఎత్తు ఉన్నందుకు రెండేళ్లు భుజం భుజం ఆనించి నిలబడ్డారు. చెయ్యి చాచి పక్కవాడి భుజం తాకి వరుస సరిచేసుకోవడం ఆదివారం ఆదివారం జరిగేది. దీనివల్ల ఊరు మారిపోయిందని చెప్పను. ఆ ఇద్దరూ ఆ తర్వాత కాలేజీలో ఒకే గదిలో అద్దెకున్నారని మాత్రం నాకు తెలుసు.

నిలబడటం వచ్చాక నడక, నడక వచ్చాక నడిపించడం. ఆ మూడోది అన్నిటికంటే కష్టం. మైదానం ఒక కొసన మన స్క్వాడ్, ఇంకో కొసన మనం. అక్కణ్ణుంచి ఒక్క గొంతుతో వాళ్లని తిప్పాలి, ఆపాలి. ఆజ్ఞలో మొదటి ముక్క సాగదీసి హెచ్చరికగా అనాలి, రెండో ముక్క ఠక్కున తెగాలి. ఏ పాదం నేలను తాకుతుండగా ఏ మాట వదలాలో తెలియాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే వరుస మొత్తం ఎడాపెడా అయిపోతుంది. గొంతు గుండెల్లోంచి కాదు, పొట్టలోంచి రావాలని ఉస్తాద్ తన పొట్ట మీద అరచేత్తో కొట్టుకుని చూపించేవాడు. క్లాసులో లేచి నిలబడి పేరు చెప్పడానికి నోరు పెగలని కుర్రాళ్లు చెరువు కట్ట మీదికి వెళ్లి, గేదెలు తలెత్తి చూస్తుంటే, అవతలి గట్టుకి వినపడేలా ఆజ్ఞలు అభ్యాసం చేసేవారు.

రైఫిళ్లు ఉండే గదిని కోత్ అనేవాళ్లం. చెక్క ర్యాకులో నిలబెట్టి, ట్రిగ్గర్ గార్డుల్లోంచి గొలుసు దూర్చి తాళం వేసేవారు. కవాతుకి పాత .303 రైఫిల్. నాలుగు కిలోల బరువు, నా భుజానికి ఆ వయసులో అది చాలా ఎక్కువ. కాల్చడానికి మాత్రం .22. ఊరవతల మట్టి దిబ్బకి ఎదురుగా పాతిక గజాల దూరంలో బోర్లా పడుకుని, ఒక్కొక్కరికి అయిదు తూటాలు. గురి మధ్యలో తగలడం కంటే అయిదూ ఒక్కచోట పడటం ముఖ్యమని చెప్పేవారు. ఒక్కచోట పడితే చెయ్యి స్థిరంగా ఉన్నట్టు. గురి దిద్దడం తర్వాత సులువు.

కాల్చడం అయ్యాక అసలు పని. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖాళీ తొడుగులూ లెక్క తేలాలి, ఒక్కటి తగ్గినా ఎవరూ కదలడానికి లేదు. ఒకసారి ఒకటి తగ్గింది. చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క, ఎండిన గడ్డిలో ఎక్కడుందో. వరుసగా మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులతో నేల తడుముతూ అంగుళం అంగుళం ముందుకి జరిగాం. పొద్దు వాలింది. ఆ రోజు మా సెక్షన్‌కి లాన్స్ కార్పొరల్‌గా ఉన్న కుర్రాడికి పదిహేనేళ్లు ఉంటాయేమో. చీకటి పడుతుంటే చిన్న పిల్లల్ని లారీ ఎక్కించమని ఉస్తాద్‌ని అడిగి, తను లాంతరు పట్టుకుని ఉండిపోయాడు. చివరికి అది ఒకడి గ్రౌండ్‌షీట్ మడతలో దొరికింది. ఆ కుర్రాడు దాన్ని రుమాలుతో తుడిచి, పెట్టెలో తక్కిన తొడుగుల పక్కన పెట్టి, లెక్క రాయించి, అప్పుడు నీళ్లు తాగాడు. ఆ ఒక్క చార ఏ పనికి ఇచ్చారో నాకు అప్పుడు తెలిసింది.

చార ఊరికే వచ్చేది కాదు. హాజరు వందకి డెబ్బై అయిదు దాటాలి, క్యాంపు చేసి ఉండాలి, ప్రమోషన్‌కి ముందు కేడర్ అని ప్రత్యేక శిక్షణ నడిచేది. బడిలో రెండేళ్లకి 'ఎ' సర్టిఫికెట్. కాలేజీలో సీనియర్ డివిజన్‌లో రెండేళ్లకి 'బి', ఆ తర్వాత ఇంకో ఏడాది, ఇంకో క్యాంపు చేసినవాళ్లకి 'సి'. హోదాలు కూడా అలాగే మెట్టు మెట్టుగా: సార్జెంటు మీద కంపెనీ క్వార్టర్ మాస్టర్ సార్జెంటు, ఆ పైన కంపెనీ సార్జెంట్ మేజర్, జూనియర్ అండర్ ఆఫీసర్, సీనియర్ అండర్ ఆఫీసర్. 'సి' ఉంటే సైన్యంలో ఆఫీసరు ఎంపికలకి, పోలీసు ఉద్యోగాలకి పనికొస్తుందని అందరం ఆశపడ్డాం, కొందరికి పనికొచ్చింది కూడా. మా కాలేజీ నుంచి ఒకడు గుంటూరు గ్రూపు దాటి, సికింద్రాబాద్ డైరెక్టరేట్ ఎంపికలు దాటి, ఢిల్లీలో జనవరి 26 కవాతుకి వెళ్లాడు. వాడు తిరిగి వచ్చిన రోజు స్టేషన్‌కి వెళ్లి పూలదండ వేశాం. కానీ మా మధ్య అసలు కొలమానం వేరు. సర్టిఫికెట్ పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాడికన్నా, క్యాంపులో రాత్రి కాపలా మార్చేటప్పుడు ఎవర్నీ కేకేయకుండా, భుజం తట్టి లేపేవాడికి మర్యాద ఎక్కువ.

మాకు ఒక దసరా సెలవుల్లో క్యాంపు ఫిరంగిపురంలో పడింది. అప్పుడు గుంటూరు, నరసరావుపేట మధ్య మీటర్ గేజి లైను. చిన్న పెట్టెల్లో కిట్ బ్యాగుల మీద కూర్చుని దిగాం. దిగీ దిగగానే డేరాలు వేయడం, డేరా చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వడం. ఆ కాలువ ఎందుకో రెండో రాత్రి వాన పడ్డాక అర్థమైంది. బద్ధకించినవాళ్ల దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. తెల్లవారుజామున బ్యూగిల్, మగ్గులో టీ, పీటీ, పూరీలు, కవాతు, పాఠాలు. వంటశాలని లంగర్ అనాలి. రాత్రి కాపలా. చీకట్లో అడుగుల చప్పుడైతే "థమ్! కౌన్ ఆతా హై?" అని అడగాలి. చేతిలో ఉన్నది తూటా లేని రైఫిలే, అయినా ఆ మాట అనగానే అవతలి మనిషి ఆగిపోవడం చూసి ఒళ్లు జలదరించేది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మ్యాప్ రీడింగ్. తూర్పు గీతల అంకెలు ముందు, ఉత్తరపు గీతలవి తర్వాత, ఆరు అంకెల్లో ఒక బావిని చూపించవచ్చు. ఒక పొద్దున మమ్మల్ని సెక్షన్లుగా విడగొట్టి పొలాల మధ్య వదిలేసి, మీరెక్కడున్నారో మ్యాపులో గుర్తు పెట్టి రమ్మన్నారు. అడగడానికి మనిషి లేడు. దిక్సూచి తీసి ఒక పక్క కొండవీడు కొండ మీది బురుజుకి, ఇంకో పక్క ఫిరంగిపురం చర్చి శిఖరానికి కోణాలు తీసుకున్నాం. వచ్చిన కోణం 180 కంటే తక్కువైతే 180 కలపాలి, ఎక్కువైతే తీసేయాలి. అలా తేలిన లెక్కతో ఆ రెండు చోట్ల నుంచి వెనక్కి గీతలు గీస్తే, అవి కలిసిన చోట మేము. ఆ గీతలు కలిసింది ఒక మిరప తోట గట్టు మీద. తలెత్తి చూస్తే చుట్టూ మిరప తోటే. రెడ్డిరాజులు ఏలిన కొండ, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న కొండ అని తెలుగు మాస్టారు చెప్పగా వినడమే గానీ, ఆ కొండ మన ఉనికిని లెక్క కట్టడానికి పనికొస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

చివరి రాత్రి బడా ఖానా. ఆ ఒక్క పూట మాంసం కూర, పాయసం. మా క్యాంపులో ఆ రాత్రి వడ్డించింది ఆఫీసర్లే. కల్నల్ గారు గరిటె పట్టుకుని వరుస వెంట నడుస్తూ, "ఔర్ లో బేటా, ఔర్ లో" అంటుంటే, ఇంటి దగ్గర నాన్నే ఎప్పుడూ వడ్డించగా చూడని పిల్లలం పళ్లెం చాచడానికి మొహమాటపడ్డాం. తర్వాత మంట చుట్టూ చేరి కుర్రాళ్లు బుర్రకథ చెప్పారు. ఉస్తాద్ గఢ్వాలీ పాట పాడాడు. మాకు ఒక్క ముక్క తెలియలేదు, రెండోసారి పాడించుకున్నాం.

శివరాత్రికి కోటప్పకొండ డ్యూటీ ఉండేది. ఘాట్ రోడ్డు లేని రోజులు, జనమంతా మెట్ల దారినే. కింద కావూరు, పురుషోత్తమపట్నం ప్రభలు దీపాలతో వెలిగిపోతుంటే, పైన మెట్ల దగ్గర మేం చేతులు పట్టుకుని గొలుసుకట్టుగా నిలబడి జనాన్ని రెండు వరుసలుగా నడిపేవాళ్లం. చెరువు గట్టున సాధన చేసిన గొంతు అక్కడ ఇంకో రకంగా అక్కరకొచ్చేది. "అమ్మా, ఎడమ పక్కకి రండి. తాతా, ఇలా కూచో, తొందరేం లేదు. పెద్దమ్మా, పిల్లని చంకనేసుకో." సావధాన్ అన్న గొంతే, ఎంతమందిలోనైనా వినపడేది, ఎవరినీ బెదిరించేది కాదు. తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేర్చడం కూడా మా పనే. ఏడుస్తున్న పిల్లకి చిడతలో, మరమరాల పొట్లమో కొనిపెట్టడానికి ప్రతివాడూ జేబులో చిల్లర ఉంచుకునేవాడు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఊరూరా బట్టలు, బియ్యం పోగుచేసి లారీలకెత్తింది కూడా ఈ ఖాకీ పిల్లలే.

ఎన్.సి.సి. ఇప్పుడూ ఉంది, పెరుగుతోంది కూడా. సరిహద్దు, తీర జిల్లాల్లో లక్షమందిని కొత్తగా చేర్చుకుంటామని 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ప్రకటించారు. మేకుల బూట్లు పోయాయి, యూనిఫాం డబ్బు నేరుగా కేడెట్ బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఇవి మారాల్సినవే, మారినందుకు నాకు చింత లేదు. నేను చెబుతున్నది మా వైపు ఊళ్లలో, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య కుర్రాడికి ఉండిన ఆదివారం గురించి. ఎనభైల చివరి నుంచి గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంటర్ హాస్టళ్లు మొదలయ్యాక ఆ ఆదివారాన్ని వారాంతపు పరీక్ష తీసుకుంది. నాలుగంతస్తుల భవనంలో నడిచే కాలేజీకి మైదానం ఉండదు. ఉన్నా తెల్లవారుజామునే స్టడీ అవర్. ప్రవేశ పరీక్ష ర్యాంకు కోసం రెండేళ్లు గది దాటని పిల్లవాడు, పక్కవాడిని దాటడమే నేర్చుకుంటున్నాడు. సరిగ్గా ఆ వయసులోనే మాకు పక్కవాడి బెల్టు మీది మరక మన బాధ్యత అని చెప్పారు. ఈ నష్టం పెద్దదని నేను గట్టిగా నమ్ముతున్నాను. తల్లిదండ్రులు ఫీజు కట్టేటప్పుడు హాస్టల్ గది, ఫలితాలు చూసుకున్నట్టే, మైదానం ఎక్కడుందని కూడా అడగాలి.

మా కాలేజీలో మూడో ఏడాది చివర ఒక పద్ధతి ఉండేది. కిట్ అప్పగించి సంతకాలు అయ్యాక, వెళ్లిపోతున్న సీనియర్ అండర్ ఆఫీసర్ తన తర్వాతివాణ్ణి కూర్చోబెట్టి నామినల్ రోల్ చదివేవాడు. పేరు, నంబరు కాగితంలో ఉంటాయి. లేనివి నోటితో చెప్పేవాడు. నాకు అప్పగించినాయన వేలు ఒక్కో పేరు మీద పెట్టి చెప్పుకుంటూ పోయాడు. "వీడు పొద్దున్నే పాలకి వెళ్లి వస్తాడు, పది నిమిషాలు ఆలస్యమైతే అడక్కు. వీడి నాన్నకి ఎన్.సి.సి. అంటే పడదు, క్యాంపు ముందు ఒకసారి ఇంటికెళ్లి నువ్వే మాట్లాడు. వీడికి కుడి చెవి సరిగ్గా వినపడదు, కుడి కొసన నిలబెట్టు. వీడు మధ్యాహ్నం అన్నం తినకుండా వస్తాడు, ఎవరికీ చెప్పడు. రిఫ్రెష్‌మెంట్ ఇచ్చేటప్పుడు వీడి పేరు మొదట పిలువు." అలా రోల్ చివరిదాకా అయ్యాక పుస్తకం నా చేతికిచ్చి సెల్యూట్ చేశాడు, నేనూ చేశాను. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆ పేరు మొదట పిలిచాను.